ఉద్వాసనకూ ఒక క్రమముంది

వినాయక చవితి పూజ ముగియగానే విగ్రహాన్ని ఎత్తుకుపోయి చెరువులో వేసేవారు మనలో ఎవరూ లేరు. ముందు ఉద్వాసన చెబుతాము. విగ్రహాన్ని ఉన్న పీట మీదనే కొద్దిగా కదుపుతాము. హారతి కళ్ళకద్దుకోనివారు, అక్షతలు తలపై వేసుకోనివారు ఇంకా ఎవరైనా మిగిలారేమో ఒకసారి చూసుకుంటాము. ఆ తరువాతనే నిమజ్జనం. ఆవాహనకు ఎంత నియమముందో ఉద్వాసనకూ అంత నియమముంది. రప్పించేటప్పుడు షోడశోపచారాలు, పంపించేటప్పుడు ఎలాగైనా సరే అన్న పద్ధతిని మన పెద్దలు ఎరుగరు.

ఈ సంగతి ఇప్పుడెందుకంటే, మొన్న దసరాకు నా పూర్వశిష్యుడొకడు మా ఇంటికి వచ్చాడు. డిస్కుల మీద సమాచారం దాచే వ్యవస్థలకు సంబంధించిన ఉద్యోగం. మనిషి దిగులుగా ఉన్నాడు.

"ఏమిటిరా సంగతి?" అన్నాను.

"ఒక బగ్గు గురించండీ మాస్టారూ. డిస్కును అన్‌మౌంట్ చేసేటప్పుడు ఎప్పుడో ఒకసారి కెర్నెల్ పడిపోతోంది. విడుదల చేసేసిన మెమరీని ఇంకెవరో తాకుతున్నారు. రెండు వారాలు గడువిస్తే వెతికి సరిచేస్తానన్నాను. మా పైఅధికారి 'పోయే ప్రాణానికి పథ్యమెందుకయ్యా' అని నవ్వేశాడు."

ఆ అధికారి ఎవరో నాకు తెలియదు. తెలుసుకోవలసిన అవసరమూ లేదు, ఎందుకంటే ఆ మాట ఆయన ఒక్కడిది కాదు. ఆగిపోయేటప్పుడు జరిగే తప్పు తప్పు కాదని, మూసివేత పని పనికిమాలిన పని అని, ఆరంభించినవాడు ఘనుడనీ సర్దిపెట్టినవాడు చాకిరీమనిషనీ అనుకునే ఒక పెద్ద సమూహం తరఫున ఆయన పలికాడు. ఆ సమూహంతోనే నా వాదం.

తెలుగు పండితుడికి కెర్నెల్ గొడవ ఎందుకని మీరు అడగవచ్చు. నేను చదివింది బాలవ్యాకరణం, చెప్పింది ఛందస్సు. ఉద్యోగవిరమణ తరువాత పాత శతకాలను యూనికోడ్‌లోకి ఎక్కించే పని పెట్టుకున్నాను. నా గణకయంత్రంలో ఉన్నది లినక్సు. రోజూ టైపు చేసే పద్యాలను దాచిపెట్టేది దానిలోని ఫైల్ సిస్టమ్. నా సొత్తు ఉన్న భోషాణం మూత ఎలా పడుతుందో అడిగే హక్కు నాకుందని నా నమ్మకం. పైగా ఈ శిష్యుడే రెండేళ్ళుగా ఓపికగా పాఠం చెబుతున్నాడు. సి భాష చదివితే అర్థమవుతుంది, రాయడం రాదు. ప్రాకృతం విషయంలోనూ నా పరిస్థితి అదే గనుక సిగ్గుపడను.

ముందు విషయం చెప్పి తరువాత వాదానికి వస్తాను.

మా చిన్నప్పుడు ఊళ్ళో షావుకారుగారి దగ్గర రెండు పుస్తకాలుండేవి. ఒకటి చిట్టా, రెండవది ఆవర్జా. జరిగిన బేరం జరిగినట్టు, వరుస తప్పకుండా చిట్టాలో రాసేవారు. తీరిక చిక్కినప్పుడు దాన్ని ఖాతాల వారీగా ఆవర్జాలోకి ఎక్కించేవారు. ఆవర్జా రాస్తుండగా దీపం ఆరిపోయినా, పద్దు సగంలో నిలిచిపోయినా భయం లేదు. మరునాడు చిట్టా ముందు పెట్టుకుని, ఎక్కనిదేదో చూసి ఎక్కిస్తే లెక్క సరిపోతుంది. చిట్టా లేకుండా నేరుగా ఆవర్జాలోనే రాసేవాడి గతి ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

జర్నల్ గల ఫైల్ సిస్టమ్ చేసేది అచ్చంగా ఇదే. ఫైలు పేరు, పరిమాణం, డిస్కులో ఏ గదుల్లో ఉందన్న వివరం మారవలసి వచ్చినప్పుడు, ఆ మార్పును ముందు జర్నల్‌లో రాసి స్థిరపరుస్తుంది. అసలు చోట మార్చడం తరువాతి పని. మధ్యలో కరెంటు పోతే, మళ్ళీ లేచాక జర్నల్ చదివి మిగిలిన పని పూర్తిచేస్తుంది. సిలికాన్ గ్రాఫిక్స్ వారు 1994లో తమ ఐరిక్స్ వ్యవస్థతో ఇచ్చిన ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఈ జాతిదే. 2001లో లినక్సు కెర్నెల్‌లో చేరిన ఈఎక్స్‌టీ3 ఈ జాతిదే. ఎక్స్‌ఎఫ్‌ఎస్ 2002లో లినక్సు ప్రధాన కెర్నెల్‌లోకి వచ్చింది. 2014లో వెలువడిన రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 7 దాన్నే తన సహజ ఫైల్ సిస్టమ్‌గా పెట్టుకుంది. అంటే ఇది ప్రయోగశాలలో బొమ్మ కాదు. ఎందరివో లెక్కలు మోస్తున్న బండి.

ఈ బండిలో ఇంకొక జాబితా ఉంటుంది. చిట్టాకెక్కింది గాని ఆవర్జాకు ఇంకా ఎక్కని పద్దులన్నీ అందులో ఉంటాయి. ఎక్స్‌ఎఫ్‌ఎస్ పరిభాషలో దానిపేరు యాక్టివ్ ఐటెమ్ లిస్ట్, పొట్టిగా ఏఐఎల్. అది డిస్కు మీద ఉండదు, మెమరీలో ఉంటుంది. పద్దు ఆవర్జాకు ఎక్కగానే జాబితాలోంచి తీసివేస్తారు. ఈ పేరును గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

ఇక షట్‌డౌన్. ఆ మాట వినగానే మనకు యంత్రాన్ని ఆపే మీట గుర్తుకువస్తుంది. ఫైల్ సిస్టమ్ వారికి దాని అర్థం వేరు. జర్నల్‌లో రాయబోతే డిస్కు మొరాయించిందనుకోండి. లేదా లోపలి నిర్మాణం చెడిపోయినట్టు కనబడిందనుకోండి. చిట్టా రాయలేనివాడు ఆవర్జా దిద్దడం సర్వనాశనం గనుక, ఫైల్ సిస్టమ్ అక్కడికక్కడ చేయి కట్టుకుంటుంది. ఇక ఒక్క అక్షరం రాయను అంటుంది. అటుపై ఎవరేమి అడిగినా ఐఓ దోషమనే జవాబే వస్తుంది. దీన్ని బలవంతపు షట్‌డౌన్ అంటారు. యంత్రం మాత్రం నడుస్తూనే ఉంటుంది. మూతపడింది ఒక్క కొట్టు, వీధి మొత్తం కాదు. తరువాత ఆ ఫైల్ సిస్టమ్‌ను అన్‌మౌంట్ చేసి, డిస్కు బాగుంటే మళ్ళీ మౌంట్ చేసుకోవచ్చు.

"పోయే ప్రాణం" వాదం ఇక్కడే మొదటిసారి కూలుతుంది. ఆ వాదం పుట్టుక నాకు తెలుసు. మామూలు ప్రోగ్రాము ముగిసినప్పుడు, అది విడిచిపెట్టని మెమరీనంతా ఆపరేటింగ్ సిస్టమ్ తానే వెనక్కి తీసుకుంటుంది. కాబట్టి చివరి ఘడియలో మెమరీ విడుదల చేయకపోయినా కొంప మునగదని ప్రోగ్రాము రాసేవారికి అలవాటైంది. ఆ అలవాటును కెర్నెల్‌లోకి మోసుకువచ్చారు. కెర్నెల్ వెనుక ఊడ్చేవారు ఎవరున్నారు? ఊడ్చేది అదే కదా! ఫైల్ సిస్టమ్ అన్‌మౌంట్ అయినప్పుడు విడుదల చేయడం మరచిన మెమరీ, ఆ యంత్రాన్ని తిరిగి బూట్ చేసేదాకా ఎవరికీ దక్కదు. ఒక్కసారి అన్‌మౌంట్ చేసే ఇంట్లో ఇది తెలియకపోవచ్చు. పగలంతా డిస్కులు తగిలించి తీసే చోట, పరీక్షల కోసం మౌంటు, అన్‌మౌంటు తిప్పే చోట బొట్టు బొట్టుగా కారి కుండ ఖాళీ అవుతుంది. ఇలాంటి లీకులను పట్టుకోవడానికే 2009లో కెమ్‌లీక్ అనే పరికరాన్ని లినక్సు కెర్నెల్‌లో చేర్చారు. మెమరీనంతా గాలించి, ఎవరూ దారి గుర్తుపెట్టుకోని ముక్కలను వేలు పెట్టి చూపిస్తుంది. పోయేదే కదా అని అందరూ ఊరుకుంటే ఆ పరికరం పుట్టేదా?

వ్యాకరణంలో లోపమంటే ఉండవలసిన వర్ణం కనిపించకుండా పోవడం. అది శాస్త్రసమ్మతం. మెమరీ లీకు దానికి తలకిందులు. పోవలసినది పోకుండా ఉండిపోవడం. దానికి ఏ సూత్రమూ అండగా లేదు.

అయితే నా శిష్యుడికి తగిలిన బగ్గు లీకు కాదు, దాని కవల సోదరి. విడుదల చేయకపోవడం ఒక తప్పయితే, వేళ కాకముందే విడుదల చేయడం రెండవ తప్పు. పెళ్ళి పందిరిని తలచుకోండి. విప్పేటప్పుడు ముందు దీపాల తోరణాలు, తరువాత పైకప్పు, చివరికి రాటలు. ఒకడు నిచ్చెనను రాటకు ఆనించి తోరణాలు విప్పుతుంటే, ఇంకొకడు పెళ్ళి అయిపోయింది కదా అని ఆ రాటనే పెకిలించాడనుకోండి. ఇద్దరూ చేస్తున్నది విప్పే పనే. ఇద్దరూ శ్రద్ధగానే చేస్తున్నారు. పడేది మాత్రం నిచ్చెన మీదవాడు.

ఇదంతా ఊహ కాదు. ఎక్స్‌ఎఫ్‌ఎస్‌లో జరిగినదే ఒకటి చెబుతాను.

ఆ ఫైల్ సిస్టమ్‌ను పరీక్షించే సామగ్రిలో 006 సంఖ్య గల పరీక్ష ఒకటుంది. డిస్కు దోషాలు పుట్టిస్తూ, ఆ దోషాల మధ్యనే అన్‌మౌంట్ చేసి చూస్తుంది. ఆ పరీక్షలో అన్‌మౌంట్ సమయాన కెర్నెల్ పడిపోయింది. కారణం వెతికితే తేలినదిది. అన్‌మౌంట్ చేసే పనివాడు చివరి పద్దును జర్నల్‌లో రాయమని చెప్పి, అది పూర్తయ్యేదాకా నిద్రపోతూ ఎదురుచూస్తున్నాడు. ఆ రాత విఫలమైంది. ఆ వైఫల్యాన్ని అందుకున్న రెండవ పనివాడు బలవంతపు షట్‌డౌన్ ప్రకటించాడు. అతడు చేయవలసినవి రెండు. ఎదురుచూస్తున్నవారిని లేపడం ఒకటి. ఆగిపోయిన పద్దులకు అంత్యక్రియ జరిపించడం, అంటే వాటికి కట్టిన కాల్‌బ్యాక్‌లను నడిపి పద్దులను రద్దుచేసి ఏఐఎల్ నుంచి తొలగించడం మరొకటి. అతడు ముందు లేపాడు, తరువాత అంత్యక్రియ మొదలుపెట్టాడు.

లేచినవాడు ఏమి చేస్తాడు? షట్‌డౌన్ అయిపోయింది, ఇక నన్ను ఆపేది ఏదీ లేదనుకుని ముందుకు సాగాడు. అన్‌మౌంట్‌లో తన తరువాతి పని ఏఐఎల్‌ను కూల్చి మెమరీ విడుదల చేయడం. కూల్చాడు. అదే క్షణంలో రెండవవాడు ఒక పద్దును ఏఐఎల్ నుంచి తీయడానికి చేయి చాచాడు. జాబితా లేదు. శూన్యాన్ని తాకిన కెర్నెల్ కూలింది.

2022లో డేవ్ చిన్నర్ దీనికి చేసిన సవరణ చూసి నేను చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. అదనంగా విడుదల చేసినది లేదు, విడుదల మానినదీ లేదు. కొత్త తాళం లేదు. రెండు పనుల వరుస మార్చాడు. ముందు కాల్‌బ్యాక్‌లు నడపాలి, తరువాతనే నిద్రపోయేవారిని లేపాలి. అంతే. "పని పూర్తయింది" అన్న కబురు, పని పూర్తయ్యాకనే చెప్పాలి. మా ఊళ్ళో నోరు తిరగని పిల్లవాడికి కూడా తెలిసిన ఈ ధర్మం, ఆరితేరినవారు రాసిన ప్రోగ్రాములో తప్పింది. ఎప్పుడు తప్పింది? 2021లో షట్‌డౌన్ కాల్‌బ్యాక్‌ల భాగాన్ని విడదీసి శుభ్రపరచినప్పుడు. శుభ్రపరచే చేయి కూడా క్రమం తప్పగలదు. చేసినవారిని నిందించడానికి చెప్పడం లేదు. అంతటివారికే తప్పినది, "పథ్యమెందుకు" అనేవారికి తప్పకుండా ఉంటుందా అని అడుగుతున్నాను.

ఇక్కడ నా ప్రతివాదులు మూడు గుంపులుగా లేస్తారు. ఒక్కొక్కరికి సమాధానం చెబుతాను.

మొదటి గుంపు వారు, దెబ్బ తగిలిన చోటే కట్టు కడదామంటారు. జాబితా ఉందో లేదో చూసి, లేకపోతే వెనుదిరిగితే సరి, ఒక్క వరుస చాలు అంటారు. ఉందని చూసిన క్షణానికీ తాకిన క్షణానికీ మధ్య ఇంకొక ప్రాసెసర్ మీద కూల్చేవాడు నడుస్తున్నాడే! తలుపు సందులోంచి తొంగిచూసి, ఇల్లుందిలే అని కాలు పెట్టేలోపు ఇల్లు పోదని హామీ ఎవరిచ్చారు? అలాంటి కట్టు బగ్గును చంపదు, అరుదు చేస్తుంది. అరుదైన బగ్గు తరచు వచ్చేదానికంటె దుష్టమైనది. తరచు వచ్చేది పగలే దొరుకుతుంది. అరుదైనది వాడుకరి ఇంట అర్ధరాత్రి దొరుకుతుంది. శూన్యాన్ని తాకి పడిపోవడం ఒక విధంగా అదృష్టమే, కనీసం కేక వినబడుతుంది. విడుదలైన ఆ మెమరీ అప్పటికే ఇంకొకరికి కేటాయింపు అయి ఉంటే, మనవాడు రాసే రాత వారి ఇంటి గోడ మీద పడుతుంది. మూతపడిన కొట్టువాడు పొరుగు కొట్టు ఆవర్జాలో గీతలు గీసినట్టు. ఆ రహస్యపు తాకిళ్ళను పట్టుకోవడానికే 2015లో కాసాన్ అనే కావలివాణ్ణి కెర్నెల్‌లో పెట్టారు. విడుదలైన మెమరీకి మైలగుర్తు పెట్టి, తాకినవాణ్ణి తాకినచోటే పట్టిస్తుంది.

రెండవ గుంపు వారు ఆధునికులు. ఇదంతా సి భాష చేసిన పాపం, రస్ట్ భాషలో రాస్తే ఇలాంటివి పుట్టనే పుట్టవంటారు. వీరి మాటలో నిజముంది, దాన్ని నేను కాదనను. వస్తువు ఎవరి సొత్తో భాషే లెక్క చూసుకుంటే, ఇంకా వాడుతున్నదాన్ని విడుదల చేయడం మామూలు దారిలో కుదరదు. 2022 చివర వెలువడిన 6.1 కెర్నెల్‌తో లినక్సులోకి రస్ట్ అడుగుపెట్టింది కూడా. కాని ఆ భాష మెమరీ లీకు కాకుండా చూస్తానని మాట ఇవ్వలేదు. ఒకదానినొకటి పట్టుకుని వేలాడే రెండు వస్తువులు అక్కడ కూడా ఎప్పటికీ విడుదల కాకుండా ఉండిపోగలవు. ఇంకా ముఖ్యమైనది, షట్‌డౌన్ ఎప్పుడు పూర్తయినట్టు, నిద్రపోయేవాణ్ణి ఎప్పుడు లేపవచ్చు అన్నది భాష నిర్ణయించదు. అది రాసేవాడి ఎరుక. ఛందస్సు గణాలు తప్పకుండా చూస్తుంది, పద్యానికి అర్థముందో లేదో చూడదు.

మూడవ గుంపు వారు అతిజాగ్రత్తపరులు. అందరినీ ఆపి, అందరి పనీ అయ్యేదాకా ఎవరినీ కదలనివ్వకుండా ఉంటే గొడవ ఉండదు కదా అంటారు. ఉంటుంది. అన్‌మౌంట్ చేసేవాడు కాల్‌బ్యాక్ కోసం, కాల్‌బ్యాక్ అన్‌మౌంట్ చేసేవాడి చేతిలోని తాళం కోసం ఎదురుచూస్తే ఇద్దరూ కల్పాంతం దాకా అలాగే ఉంటారు. నేను చెప్పిన 006 పరీక్ష అసలు పుట్టిందే, చెడిన డిస్కు మీద రాత కోసం మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తూ అన్‌మౌంట్ ఎన్నటికీ ముగియకుండా ఉండిపోయే జబ్బును కనిపెట్టడానికి. కనుక ఆత్రమూ మందు కాదు, బద్ధకమూ మందు కాదు, భయమూ మందు కాదు. ఎవరు దేన్ని పట్టుకుని ఉన్నారు, ఎవరు ముందు వదలాలి అన్న ఎరుక ఒక్కటే మందు. ఆ ఎరుకకు రెండు వారాలు పట్టవచ్చు. ఫలితంగా రెండు వరుసలు అటూ ఇటూ మారవచ్చు. రెండు వరుసల పనికి రెండు వారాలా అని అడిగే అధికారికి ఒకటే మాట చెప్పగలను. అయ్యా, పద్యంలో ఒక్క అక్షరం దిద్దడానికి పాఠాంతరాలన్నీ చూడవలసి వస్తుంది. జీతం అక్షరానికి కాదు, చూపుకు.

ఈ బగ్గు కథ విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కారణం కెర్నెల్ కాదు.

నేను పనిచేసిన పాఠశాలల్లో ఒకటి మూతపడింది. పేరు చెప్పను. దగ్గరి ఊరి బడిలో కలిపేశారు. అక్కడ గ్రంథాలయం బాధ్యత కొన్నేళ్ళు నాది. ఏ పుస్తకం ఏ పిల్లవాడి దగ్గర ఉందో రాసే రిజిస్టరు నా చేతివ్రాతలోనే ఉండేది. మూసివేతకు గడువు పెట్టారు. పిల్లల దగ్గరున్న పుస్తకాలన్నీ తిరిగి రాబట్టి, రిజిస్టరులో కొట్టివేసి, ఆ తరువాత బీరువాలు అప్పగించాలన్నది పద్ధతి. వారం గడువు అడిగాను. మూసేదానికి ఇంత లెక్క ఎందుకు మాస్టారూ అన్నారు. "గ్రంథాలయం అప్పగింత పూర్తయింది" అని ముందే కాగితం రాసి పైకి పంపారు. ఆ కాగితం చూసినవారు తమ పని తాము చేశారు. బీరువాలు ఒక బండిలో, పుస్తకాలు పాతకాగితాల వాడి బండిలో, వాటితో పాటు నా రిజిస్టరూ వెళ్ళిపోయాయి.

నాలుగవ రోజున ఒక పిల్లవాడు వచ్చాడు. ఏడవ తరగతి. చేతిలో అట్ట వేసిన కథల పుస్తకం. చదివి తిరిగి ఇవ్వడానికి రెండు మైళ్ళు నడిచి వచ్చాడు. తాళం వేసిన గది ముందు నిలబడి, "ఎవరికి ఇవ్వాలండీ?" అని అడిగాడు. తీసుకునే చోటు లేదు, కొట్టివేయడానికి పద్దు లేదు. ఇంట్లో ఉంచుకోరా అన్నాను. వాడు సంతోషించలేదు. నేను తీసుకున్నట్టు ఎక్కడైనా ఉంటుందేమోనండీ, రేపు దొంగతనం అంటారేమో అన్నాడు. ఆ కళ్ళలోని భయం నాకింకా గుర్తుంది.

ఏఐఎల్ కోసం చేయి చాచి శూన్యాన్ని తాకిన కాల్‌బ్యాక్ గురించి శిష్యుడు చెబుతున్నప్పుడు నాకు కనిపించినది ఆ పిల్లవాడే. ఆ రోజు పుస్తకాలు పోయినందుకు ఎవరో ఒకరు దుర్మార్గులై ఉండాలని నేను చాలాకాలం అనుకున్నాను. కాదు. ఎవరి పని వారు చేశారు. ఒక్క కబురు వేళకు ముందు వెళ్ళింది. పూర్తికానిదాన్ని పూర్తయిందని చెప్పారు, తక్కినదంతా దాని వెంట దొర్లింది.

కాబట్టి మూసివేత పనిని చాకిరీగా చూసేవారికి నా మనవి. మౌంటు చేసే వేళ వ్యవస్థ ఆరోగ్యంగా ఉంటుంది. డిస్కు పలుకుతుంది, మెమరీ ఉంటుంది, అన్నీ అనుకున్నట్టు జరుగుతాయి. షట్‌డౌన్ దారిలో నడవవలసి వచ్చేది డిస్కు చెడినప్పుడు, రాతలు తప్పినప్పుడు, సగం పనులు గాలిలో ఉన్నప్పుడు. అందరికంటె జబ్బుగా ఉన్నవాడు నడిచే బాట అది. ఆ బాటను అన్నిటికంటె తక్కువగా నడిచి చూసి, అన్నిటికంటె తక్కువగా బాగుచేసి, పోయే ప్రాణమని నవ్వడం వివేకమా? ఎక్స్‌ఎఫ్‌ఎస్ వారు తమ పరీక్షల్లో పని నడుస్తుండగానే బలవంతపు షట్‌డౌన్ చేసి, తిరిగి మౌంటు చేసి, లెక్క సరిపోయిందో లేదో చూసి, మళ్ళీ కూలుస్తారు. కావాలని కూల్చడానికి ఆ సామగ్రిలో ఒక చిన్న ప్రోగ్రామే ఉంది. ముగింపును అభ్యాసం చేసేవారికే ముగింపు సరిగా వస్తుంది.

నా శిష్యుడికి నేనిచ్చిన సలహా కూడా ఇదే. "ఒరేయ్, నీ అధికారితో తగవు పడకు. ఎవరు ఎవరికి ఎప్పుడు కబురు చెబుతున్నారో ఒక కాగితం మీద వరుసగా రాయి. పూర్తికాకముందే పూర్తయిందని చెప్పిన కబురు ఏదో అందులో దొరుకుతుంది. దొరికాక ఆ కాగితమే ఆయన బల్ల మీద పెట్టు."

వాడు తలవూపి, నా కాళ్ళకు దణ్ణం పెట్టి బయలుదేరాడు. గడపదాకా వెళ్ళి వెనుదిరిగి, "మాస్టారూ, ఆ పిల్లవాడి పుస్తకం ఏమైందండీ?" అని అడిగాడు.

నా దగ్గరే ఉంది. ఆ రోజు ఒక తెల్లకాగితం మీద పుస్తకం పేరు, వాడి పేరు, తేదీ వేసి, "తిరిగి ముట్టింది" అని రాసి సంతకం చేసి వాడికిచ్చాను. గ్రంథాలయం లేకపోయినా పద్దు కొట్టివేయాలి కదా. కాగితాన్ని రెండు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచుకున్నాక గాని వాడు కదలలేదు.

స్వస్తి.